పెద్దప్రేగుకు రక్తం కరువైతే

గుండెకు రక్తం అందకపోతే గుండెపోటు అంటాం. మెదడుకు అందకపోతే పక్షవాతం అంటాం. ఈ రెండు మాటలు తెలియని ఇల్లు మన పల్లెల్లో కూడా లేదు. కాని మన పొట్టలో సుమారు ఐదడుగుల పొడవున ఉన్న పెద్దప్రేగుకు రక్తం అందకపోతే ఏమంటారు? ఈ ప్రశ్న అడిగితే చదువుకున్నవాళ్లు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. దానికి మన వాడుకలో పేరే లేదు. పేరు లేని జబ్బును గుర్తుపట్టడం కష్టం. అందుకే మన దగ్గర దాన్ని మొలలనో, జిగట విరేచనాలనో, 'వేడి చేసింది' అనో పిలిచి ఊరుకుంటారు.

వైద్యశాస్త్రంలో దీని పేరు 'ఇస్కీమిక్ కొలైటిస్'. ఇస్కీమియా అనేది గ్రీకు మాట. రక్తాన్ని ఆపిపట్టడం అని దాని మూలార్థం. కొలైటిస్ అంటే పెద్దప్రేగు వాపు. ఈ పేరును 1966లో లండన్‌లో ఏడ్రియన్ మార్స్టన్, ఆయన సహచరులు వ్యాప్తిలోకి తెచ్చారు. అంతకు మూడేళ్ల ముందు, 1963లో, అమెరికాలో బోలే అనే శస్త్రవైద్యుడు, ఆయన తోటివాళ్లు ఒక సంగతి గమనించారు. పెద్దప్రేగుకు రక్తం తగ్గి దెబ్బతిన్నా, చాలామందిలో అది దానంతట అదే మళ్లీ బాగుపడుతోంది. అంతవరకు ప్రేగుకు రక్తం ఆగిందంటే కుళ్లిపోవడమే, మనిషి పోవడమే అనుకునేవారు. అంటే మనుషులకు ఈ జబ్బు ఎప్పటినుంచో ఉన్నా, దాని నిజస్వరూపం తెలిసి గట్టిగా అరవై ఏళ్లు దాటిందంతే.

నేను జీవశాస్త్రం చదువుతున్న విద్యార్థిని. వైద్యుణ్ణి కాను. మాది జహీరాబాదు దగ్గర కోహీర్. ఎర్రనేల. అల్లం, ఆలుగడ్డ, చెరకు, జామతోటలు మాకు బతుకుదెరువు. తరగతిలో మాకు రక్తప్రసరణ పాఠం చెప్తుంటే నాకు గుండె కంటే ముందు మా చేను కాలువలే గుర్తుకొచ్చాయి. ఈ వ్యాసం కూడా ఆ దారిలోనే రాస్తున్నాను. వ్యవసాయం తెలిసినవాళ్లకు ఈ జబ్బు అర్థం కావడం చాలా సులువు.

ఆఖరి మడి సంగతి

బావి దగ్గర మోటారు వేస్తే మొదటి మడికి నీళ్లు దండిగా పారతాయి. నడిమి మళ్లకు సరిపోను పారతాయి. ఆఖరి మడి దగ్గరికొచ్చేసరికి కాలువలో నీళ్లు సన్నగిల్లుతాయి. కరెంటు గంటసేపు పోయినా, బావిలో నీళ్లు ఒక గజం దిగినా మొదట ఎండేది ఆఖరి మడే. ఈ సంగతి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మన పెద్దప్రేగు పొట్టలో తలక్రిందులైన 'ఉ' ఆకారపు చట్రంలాగా ఉంటుంది. కుడివైపున కింద మొదలై పైకి పోతుంది. కాలేయం కింద మలుపు తిరిగి అడ్డంగా ఎడమకు వస్తుంది. ప్లీహం దగ్గర ఇంకో మలుపు తిరిగి ఎడమవైపున కిందికి దిగుతుంది. అక్కడినుంచి వంపు తిరిగి పురీషనాళంలో కలుస్తుంది. దీనికి రెండు పెద్ద కాలువల నుంచి రక్తం వస్తుంది. బృహద్ధమని నుంచి చీలే పై ఆంత్రధమని కుడి భాగానికీ, అడ్డభాగంలో చాలావరకూ రక్తం ఇస్తుంది. కింది ఆంత్రధమని ఎడమ భాగానికి ఇస్తుంది. ఈ రెంటినీ కలుపుతూ ప్రేగు అంచు వెంబడి ఒక పిల్లకాలువ ఉంది. దానికి డ్రమ్మండ్ అనే వైద్యుని పేరు పెట్టారు.

ఇక ఎడమవైపు పైమలుపు దగ్గర ఏమవుతుందో చూడండి. అది పైకాలువకు ఆఖరి మడి, కిందికాలువకు కూడా ఆఖరి మడే. రెండు దిక్కులనుంచీ చివర్లోనే ఉంది. పిల్లకాలువ కూడా కొందరిలో అక్కడ సన్నగా ఉంటుంది, కొందరిలో అసలు తెగిపోయి ఉంటుంది. 1956లో గ్రిఫిత్స్ అనే వైద్యుడు ఈ చోటును వివరించాడు గనుక దాన్ని ఆయన పేరుతో పిలుస్తారు. ఎడమప్రేగు పురీషనాళంతో కలిసే చోట ఇలాంటిదే ఇంకో బలహీనమైన తావు ఉంది. దాన్ని 1907లో జర్మనీ వైద్యుడు జూడెక్ చూపించాడు. రక్తం తగ్గినప్పుడు ముందుగా ఎండేవి ఈ తావులే. పురీషనాళానికి మాత్రం కటిభాగపు ధమనుల నుంచి వేరే పాయ కూడా వస్తుంది. రెండు బావుల నీళ్లు పారే మడి వంటిది అది. అందుకని అది తరచుగా తప్పించుకుంటుంది.

మరొక సంగతి. విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. అందులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా జీర్ణావయవాలకే పోతుంది. కాని ఆ వాటాలో పెద్దప్రేగుకు దక్కేది చిన్నప్రేగు కంటే తక్కువ. ఇంటికి కరువొస్తే శరీరం కూడా మనలాగే చేస్తుంది. ముందు మెదడు, గుండె అంటుంది. పొట్టకు పోయే కాలువ తూములను బిగిస్తుంది. ప్రాణం కాపాడుకోవడానికి అది చేసే ఏర్పాటు అది. కాని ఆ ఏర్పాటు ఎక్కువసేపు సాగితే ప్రేగు నష్టపోతుంది.

ప్రేగు గోడలో కూడా మళ్లీ వరుసలున్నాయి. అన్నిటికంటే లోపలి పొర చాలా చురుకైనది, రక్తం ఎక్కువ కావలసినది. రక్తం తగ్గినప్పుడు మొదట చచ్చేది ఆ పొరే. అది పుండై ఊడి రక్తం కారుతుంది. ఇందువల్లే ఈ జబ్బులో రక్తం తక్కువై రోగం వస్తుంది, కాని కంటికి కనబడేది రక్తం పోవడం. చదువరులు ఈ విచిత్రాన్ని గుర్తుంచుకోవాలి.

మడి ఎండడానికి ఎన్ని దారులు?

ఆఖరి మడి ఎండిందంటే కారణం ఒక్కటే కానక్కరలేదు. బావిలో నీళ్లు దిగి ఉండొచ్చు. మోటారు బలహీనపడి ఉండొచ్చు. కాలువలో పూడిక పడి ఉండొచ్చు. ఎవరైనా తూము మూసి ఉండొచ్చు. పైపు మెలిక పడి ఉండొచ్చు. ప్రేగు విషయంలోనూ అంతే.

ఎక్కువగా కనిపించే కారణాలు వైద్యులకు తెలిసినవే. అరవై దాటిన వయసు, గుండె బలహీనత, రక్తపోటు పడిపోవడం, మధుమేహం, ధమనుల్లో కొవ్వు పూడిక, బృహద్ధమనికి శస్త్రచికిత్స. వీటిని గురించి నేను పెద్దగా రాయను. ఎందుకంటే ఇలాంటి రోగి ఎలాగూ వైద్యుని చూపులో ఉంటాడు. అనుకోని కారణాలతో వచ్చినప్పుడే ఇది మోసం చేస్తుంది. పడుచువాళ్లకు రావచ్చు, గట్టి ఒంటివాళ్లకు రావచ్చు. అందుకే అరుదైన కారణాల గురించే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

బావిలో నీళ్లు దిగడం: ఎండ, పరుగు

విదేశాల్లో మారథాన్ పరుగు తీసే ఆరోగ్యవంతులైన యువతీయువకులకు పరుగు అయ్యాక కడుపునొప్పి, రక్తవిరేచనాలు కావడం వైద్యులు చూశారు. పరిశీలిస్తే ప్రేగుకు రక్తం తగ్గిన గుర్తులు కనిపించాయి. గట్టి శ్రమలో రక్తమంతా కాళ్ల కండరాలకూ, ఒళ్లు చల్లబరచడానికి చర్మానికీ మళ్లుతుంది. పొట్టకు పోయే రక్తం మామూలు స్థాయిలో ఐదో వంతుకు కూడా పడిపోవచ్చు. దానికి తోడు చెమటతో నీళ్లు పోయి రక్తం చిక్కబడుతుంది.

మన ఊళ్లలో మారథాన్లు లేవు. కాని మే నెల ఎండలో పొద్దంతా మట్టిపని, దుక్కిపని చేసే కూలీ పరుగు కంటే తక్కువ చేస్తున్నాడా? ఇది నా ఆలోచన. శరీరానికి పరుగేమిటో పారపనేమిటో తెలియదు. వేడి, శ్రమ, నీళ్లు తక్కువ కావడం ఈ మూడే దానికి తెలుసు. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేలకు పైగా చనిపోయినట్టు లెక్కలు వచ్చాయి. వడదెబ్బ తగిలినప్పుడు ప్రేగుకు పోయే రక్తం బాగా తగ్గుతుందనీ, ప్రేగు గోడ దెబ్బతిని అందులోని విషపదార్థాలు రక్తంలోకి జారుతాయనీ శాస్త్రజ్ఞులు చెప్తారు. వడదెబ్బ అంటే తలకు తగిలేదే అనుకుంటాం. పొట్టకు కూడా తగులుతుంది.

తూము మూసేవి: మందులు, విషాలు

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరచిన భాగం ఇది. మందులు కూడా ఈ జబ్బు తేవచ్చు.

అలోసెట్రాన్ అనే మందు కథ వినండి. విరేచనాలతో బాధపడే ప్రేగు అస్థిమితం జబ్బు ఉన్న స్త్రీల కోసం అమెరికాలో 2000 ఫిబ్రవరిలో దీనికి అనుమతి ఇచ్చారు. కొన్ని నెలల్లోనే దాన్ని మింగినవాళ్లలో కొందరికి పెద్దప్రేగు రక్తం తగ్గి దెబ్బతిన్నట్టు తేలింది. మరికొందరికి తీవ్రమైన మలబద్ధకం వచ్చింది. అదే సంవత్సరం నవంబరులో కంపెనీ మందును వెనక్కు తీసుకుంది. వేరే దారి లేని రోగులు గట్టిగా అడగడంతో 2002లో ఎన్నో కట్టుబాట్లతో మళ్లీ అనుమతించారు. ఒక్క మందు వల్ల లోకానికి ఈ జబ్బు పేరు తెలిసిందంటే అతిశయోక్తి కాదు.

అది మన ఊరి దుకాణంలో దొరికే మందు కాదు. కాని దొరికేవి కూడా ఉన్నాయి. జలుబుకు ముక్కు తెరిపించే సూడోఎఫెడ్రిన్ వంటి మందులు రక్తనాళాలను బిగించి పని చేస్తాయి. ముక్కులో బిగించినవి మిగతా చోట్ల బిగించవని నమ్మకం ఏమిటి? దీనివల్ల ప్రేగు దెబ్బతిన్న రోగుల గురించి వైద్యపత్రికల్లో రాశారు. ఒంటితలనొప్పికి వాడే ఎర్గటమిన్, సుమాట్రిప్టాన్ల విషయంలోనూ ఇలాంటివి వచ్చాయి. కీళ్లనొప్పులకు మింగే గోలీలు, ఈస్ట్రోజన్ ఉన్న గోలీలు, గుండెకు వాడే డిజాక్సిన్, కొకైన్ వంటి మత్తుపదార్థాలు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. గట్టి విరేచనాల మందులు నీళ్లు లాగి రక్తం తగ్గిస్తాయి. మలబద్ధకం చేసే మందులు ఇంకో దారిన పోతాయి. ప్రేగు లోపల వత్తిడి పెరిగి, గోడలోని సన్ననాళాలు నలిగి రక్తం కదలదు. అంటే రెండు వ్యతిరేకమైన పనులు చేసే మందులు ఒకే గుంతలో పడేస్తాయి.

ఇక్కడ ఒక్క మాట. పై మందులు వాడే లక్షలమందికి ఏమీ కాదు. అయ్యేది చాలా అరుదు. డాక్టరు రాసిన రక్తపోటు మందునో గుండె మందునో ఈ వ్యాసం చదివి ఎవరూ మానుకోవద్దు. అడగవలసింది డాక్టరునే.

ఎర్గట్ అనే మాట వచ్చింది గనుక మా జొన్న, సజ్జ చేలకు సంబంధించిన ఒక కథ చెప్పాలి. సజ్జకంకిలో గింజకు బదులు నల్లని గట్టి కొమ్ములాంటిది వస్తుంది, ముందు తేనెలాంటి జిగురు కారుతుంది. అందుకే రైతులు దాన్ని తేనెబంక తెగులు అంటారు. అది ఒక శిలీంధ్రం. యూరప్‌లో రై ధాన్యానికి వచ్చే ఎర్గట్‌లో రక్తనాళాలను భయంకరంగా బిగించే పదార్థాలున్నాయి. మధ్యయుగాల్లో ఆ పిండి రొట్టెలు తిన్నవారి కాళ్లు, చేతులు నల్లబడి రాలిపోయేవి. కాళ్లుచేతులు నిప్పులో పెట్టినట్టు మండేవి గనుక దాన్ని సెయింట్ ఆంథొనీ మంట అనేవారు. ఇథియోపియాలో 1970ల చివర కూడా అలాంటి ఉపద్రవం వచ్చింది. మన దేశంలో 1975లో రాజస్థాన్ పల్లెల్లో తెగులు పట్టిన సజ్జలు తిని జనం జబ్బు పడ్డారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దాన్ని పరిశోధించారు. వాంతులు, తలతిరుగుడు, మగతతో పోయింది, కాళ్లు కుళ్లలేదు. కారణం ఏమంటే మన సజ్జ ఎర్గట్‌లోని పదార్థాలు వేరే రకానివి, రక్తనాళాలను అంతగా బిగించవు. ఒకే పేరున్న తెగులు రెండు దేశాల్లో రెండు రకాలుగా ప్రవర్తించింది. తెగులు పట్టిన గింజలను ఉప్పునీళ్లలో పోస్తే తేలిపోతాయి, మంచి గింజలు మునుగుతాయి. తరువాత మంచినీళ్లతో కడగాలి. ఈ ఉపాయం మన రైతులకు విత్తనం దగ్గరే తెలుసు, తిండి దగ్గర కూడా గుర్తుంచుకోవాలి.

మన ప్రాంతానికి ఇంకా దగ్గరి సంగతి ఉంది. 1995లో అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన జొన్నలు, మక్కలు తిని దక్కను పీఠభూమిలోని ఆంధ్రప్రదేశ్, కర్ణాటక గ్రామాలు 27 కడుపునొప్పి, విరేచనాలతో బాధపడ్డాయి. దానికి ఫ్యుమోనిసిన్ అనే బూజు విషం కారణమని పోషకాహార సంస్థ తేల్చింది. అది రక్తం తగ్గిన జబ్బు కాదు. అయినా ఎందుకు చెప్తున్నానంటే, ఊళ్లో పదిమందికి ఒకేసారి కడుపునొప్పి వస్తే తిండిని అనుమానించాలి. ఒక్కరికే, అదీ పెద్దవయసు మనిషికే ఎడమవైపు నొప్పి వచ్చి రక్తం పడితే రక్తనాళాలను కూడా అనుమానించాలి.

కాలువలో పూడిక, పైపు మెలిక, బయటికి పోని నీళ్లు

బీడీ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తి. 1908లో లియో బ్యూర్గర్ వివరించిన ఒక జబ్బులో పొగాకు తాగేవారి చేతులు, కాళ్ల సన్నధమనులు వాచి మూసుకుపోతాయి. కాలివేళ్లు నల్లబడతాయి. మన దేశంలో బీడీలు తాగే మగవారిలో ఇది కనిపిస్తుంది. అరుదుగా అదే జబ్బు ప్రేగు ధమనులకూ పాకుతుంది. కాలివేలు కుళ్లి ఉన్న మనిషికి కడుపునొప్పి వస్తే రెంటికీ సంబంధం ఉండొచ్చునని గుర్తించాలి.

రక్తంలోనే లోపం ఉండి నాళాలు పూడేవి ఇంకొన్ని. కొడవలి కణాల జబ్బులో ఎర్రకణాలు కొడవళ్లలాగా వంగి సన్ననాళాల్లో ఇరుక్కుంటాయి. ఆదిలాబాదు అడవి ప్రాంతపు ఆదివాసుల్లోనూ, విశాఖ మన్యంలోనూ ఇది ఉంది. దేశమంతటా దీన్ని నిర్మూలించడానికి 2023 జూలైలో కేంద్రం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ రోగులకు కడుపునొప్పి మామూలే. ఆ నొప్పి వెనుక ప్రేగుకు రక్తం ఆగడం అనేది చాలా అరుదు, కాని ఉంది. పడుచువయసులోనే రక్తం ఊరికే గడ్డకట్టే పుట్టుకతో వచ్చిన లోపాలు, లూపస్ వంటి జబ్బులు కూడా ఇదే కోవకు చెందుతాయి.

పైపు మెలికకు మంచి ఉదాహరణ ప్రేగు మెలిపడడం. ఎడమప్రేగు కింది వంపు కొందరిలో చాలా పొడుగ్గా ఉంటుంది. అది తనచుట్టూ తాను తిరిగితే దారి మూసుకుంటుంది, దాంతోపాటు రక్తనాళాలు కూడా మెలిపడతాయి. మన దేశంలోనూ, ఆఫ్రికాలోనూ ఇది పాశ్చాత్య దేశాలకంటే ఎక్కువ. పొట్ట డప్పులాగా ఉబ్బుతుంది, గాలి గాని మలం గాని పోదు. ఇది ఇంట్లో వాము నమిలి, పొట్టకు ఆముదం రాసి చూసే జబ్బు కాదు. గంటలు లెక్కపెట్టుకొని ఆసుపత్రికి పోవలసింది. ఎంత ఆలస్యమైతే అంత ప్రేగు చచ్చిపోతుంది.

చివరిది, నీళ్లు పారకపోవడం కాక బయటికి పోకపోవడం. మురుగుకాలువ మూస్తే మడిలో నీళ్లు నిలిచి పైరు కుళ్లుతుంది గదా. అట్లాగే ధమనులు బాగున్నా రక్తాన్ని తీసుకుపోయే సిరలు మూసుకుపోతే ప్రేగు ఉబ్బి దెబ్బతింటుంది. జపాన్, తైవాన్ దేశాల్లో కొందరి కుడివైపు పెద్దప్రేగు సిరలు సున్నంపట్టి గట్టిపడిపోవడం చూశారు. ఆరా తీస్తే చాలామంది గార్డీనియా జాతి కాయ కలిసిన మూలికామందును ఏళ్లతరబడి వాడినవారని తేలింది. ఆకులు, కాయల మందులైతే ఏమీ కాదులే అనుకునే మనందరికీ ఇది ఒక పాఠం.

మా ఇంట్లో జరిగింది

ఇదంతా పుస్తకాల సంగతి. ఒకసారి మా పెద్దనాయనకు జరిగింది కూడా చెప్తాను. ఆయనకు అరవై దాటింది. మోకాళ్లనొప్పులకు దుకాణంలో గోలీలు తెచ్చుకొని మింగేవాడు. ఎండాకాలం, అల్లం పెట్టడానికి బోదెలు తోలిస్తున్నారు. రెండురోజులు కడుపు కదిలి సరిగా తినలేదు, అయినా చేన్లోనే ఉన్నాడు. మూడోరోజు మధ్యాహ్నం ఎడమవైపు కడుపు పట్టుకొని కూలబడ్డాడు. "కడుపుల ఎవరో బట్ట పిండినట్టు పిండుతుంది బిడ్డా" అన్నాడు. సాయంత్రం దొడ్డికి పోతే ఎర్రగా రక్తం పడింది.

ఇంట్లో వాళ్లు వేడి చేసిందని మజ్జిగ, సబ్జాగింజల నీళ్లు ఇచ్చారు. మందులిచ్చే ఆయన ఒకరు చూసి మొలలు అన్నాడు. మూడురోజులు మొలల మందే నడిచింది. నాలుగోరోజు పట్నం తీసుకుపోయారు. అక్కడ పెద్ద డాక్టరమ్మ మొదట అడిగింది రక్తం సంగతి కాదు. "పెద్దాయనా, ఏమేం గోలీలు మింగినవు? నీళ్లు ఎన్ని తాగినవు?" అని. స్కాను తీసి, తరువాత ప్రేగులోకి గొట్టం కెమెరా పంపి చూశారు. ఎడమ మలుపు నుంచి కిందికి ఒక జానెడు మేర గోడ ఉబ్బి, ఎర్రగా పుండ్లుపడి ఉంది. పైనా, కిందా ప్రేగు శుభ్రంగా ఉంది. సెలైన్లు ఎక్కించి, ప్రేగుకు విశ్రాంతి ఇచ్చి, నొప్పి గోలీలు మాన్పించారు. వారంలో ఇంటికొచ్చాడు. ఆ ఏడు ఆలుగడ్డ అమ్మిన డబ్బు ఆసుపత్రికి పోయింది. కాని మనిషి దక్కాడు. మొలలనుకుంటూ ఇంకో వారం ఊళ్లోనే ఉంటే ఏమయ్యేదో అని మా పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది.

ఎట్లా గుర్తుపట్టాలి?

సాధారణంగా ఇది హఠాత్తుగా వచ్చే మెలిపెట్టే నొప్పి. ఎడమవైపు ఎక్కువ. వెంటనే దొడ్డికి పోవాలనిపిస్తుంది. ఒకరోజు లోపల ఎర్రటి రక్తమో, జామపండు గుజ్జు రంగు రక్తమో మలంతో కలిసి పడుతుంది. మొలల్లో రక్తం ఎక్కువగా మలం మీద, చివర్లో చుక్కలుగా పడుతుంది. కడుపు మెలిపెట్టదు. జిగట విరేచనాల్లో జ్వరం, చీము, జిగురు ఉంటాయి. ఈ తేడాలు ఇంట్లో కూర్చొని తేల్చుకోవడానికి కాదు, డాక్టరుకు సరిగ్గా చెప్పడానికి. ఎందుకంటే మలంలో రక్తానికి క్యాన్సరు కూడా కారణం కావచ్చు.

మంచిమాట ఏమంటే ఈ రోగుల్లో చాలామందికి శస్త్రచికిత్స అక్కరలేదు. నూటికి ఎనభై మంది దాకా కొన్నిరోజుల్లోనో ఒకటి రెండు వారాల్లోనో బాగుపడతారు. కొందరికి పుండు మానినచోట ప్రేగు సన్నబడుతుంది. మిగిలిన కొద్దిమందిలో ప్రేగు కుళ్లుతుంది. వాళ్లకు వెంటనే కోసి ఆ భాగం తీసివేయాలి. కుడివైపు నొప్పి వస్తే ఇంకా జాగ్రత్త పడతారు. పైధమని మూసుకుపోతే చిన్నప్రేగు కూడా పోయే ప్రమాదం ఉంది గనుక. పొట్ట గట్టిపడడం, నొప్పి ఆగకపోవడం, జ్వరం, కళ్లు తిరగడం, చెమటలు, నాడి వేగంగా కొట్టుకోవడం ఇవి ప్రమాద సూచనలు.

మనం చేయగలిగింది

ఎండలో పనిచేసేవాళ్లకు దాహం వేయకముందే నీళ్లు తాగించాలి. చెమటతోపాటు ఉప్పు కూడా పోతుంది గనుక ఉప్పు కలిపిన మజ్జిగ, గంజి, ఓఆర్ఎస్ మంచివి. వాంతులు, విరేచనాలు అయినరోజు పెద్దవాళ్లను చేనుకు పంపగూడదు. నొప్పి గోలీలు, జలుబు గోలీలు, విరేచనాల గోలీలు, మూలికల పొడులు దేనికదే సొంతంగా వాడే అలవాటు మానాలి. ఆసుపత్రికి పోయేటప్పుడు మింగుతున్న మందుల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకొని పోవాలి. డాక్టరు అడగకపోయినా చూపించాలి. బీడీ మానాలి. మలబద్ధకాన్ని చిన్నదిగా చూడగూడదు. మలంలో రక్తం పడితే, అది మొలలే అని ఎవరు చెప్పినా ఒక్కసారి పరీక్ష చేయించుకోవాలి.

మన కళాశాలలో చదివే మిత్రుల్లో చాలామందిమి పల్లెలనుంచి వచ్చినవాళ్లమే. సెలవులకు ఇంటికి పోతే ఊళ్లోవాళ్లు మనల్ని చదువుకున్నవాళ్లుగా చూస్తారు, ఏదైనా అడుగుతారు. డాక్టరు చేసే పని మనం చేయలేము, చేయగూడదు కూడా. కాని "ఇది మొలలేనా, వేరే ఏమన్నానా, ఒకసారి చూపించు తాతా" అని అనగలం. ఆ ఒక్క మాటకు డిగ్రీ అక్కరలేదు. ఆఖరి మడి ఎండుతుంటే ఒడ్డుమీద నిలబడి చూసే రైతు ఎవడూ ఉండడు. పార పట్టుకొని కాలువ వెంబడి వెనక్కి నడుచుకుంటూ పోయి, నీళ్లు ఎక్కడ ఆగాయో చూస్తాడు. మన పెద్దల ఒంటి విషయంలోనూ అంతపాటి శ్రద్ధ చూపితే చాలు.